ఒకసారి కోత పడితే ప్రతిసారీ కోతేనా?

మొదటి కాన్పు సిజేరియన్ అయిన స్త్రీకి రెండో కాన్పూ సిజేరియనే కావాలన్నది ఇవాళ తెలుగు జిల్లాల్లో ఎవరూ రుజువు అడగని సిద్ధాంతంగా స్థిరపడింది. వైద్యురాలు మూడో నెల పరీక్షలోనే ఆ మాట అనేస్తారు, అంతకు ముందే అత్తవారింట్లోనూ పుట్టింట్లోనూ అనేసి ఉంటారు, కనవలసిన మనిషి దాన్ని జాతకంలో రాసిపెట్టినదానిలా స్వీకరించి తొమ్మిదో నెలలో తేదీ కోసం మాత్రమే ఎదురుచూస్తుంది. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం; తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రులను మాత్రమే లెక్కిస్తే అది 81.5 శాతం. ఇందులో మొదటి కాన్పులూ తరువాతి కాన్పులూ కలిసే ఉన్నాయి గానీ, మొదటి కోత పడ్డవారందరికీ రెండో కోత తప్పదన్న నియమం అమల్లో ఉన్నంతకాలం, మొదటి కాన్పులో చేసే ప్రతి అనవసరపు ఆపరేషనూ రెండేళ్లకో మూడేళ్లకో మరొక ఆపరేషన్‌ను వెంటబెట్టుకు వస్తుందన్నది లెక్క తెలిసినవారెవరికైనా అర్థమవుతుంది.

ఈ వ్యాసం ఖండించేది రెండో సిజేరియన్‌ను కాదు. అది అవసరమైన స్త్రీలు చాలామంది ఉన్నారు, వివరాలన్నీ విన్న తరువాత తమంతట తామే దాన్ని ఎంచుకునేవారూ ఉన్నారు, వారి ఎంపికను ఎవరూ తప్పుపట్టనక్కరలేదు. ఖండించవలసింది, ఆ స్త్రీ గర్భసంచిపై కోత ఎక్కడ పడిందో, మొదటిసారి ఎందుకు కోయవలసి వచ్చిందో చూడకుండా, ఆమెను అడగకుండా, పాత మచ్చ ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పే పద్ధతిని.

ఈ నియమం పుట్టుక తెలిస్తే దాని బలహీనత సగం బయటపడుతుంది. న్యూయార్క్‌కు చెందిన ప్రసూతి వైద్యుడు ఎడ్విన్ క్రేగిన్ 1916లో ఒక వైద్య సభలో చదివిన ప్రసంగంలో, ఒకసారి సిజేరియన్ చేస్తే ఆ తరువాత ఎప్పటికీ అదే దారి అవుతుందన్న అర్థం వచ్చే మాట వాడాడు. వందేళ్లుగా వైద్య విద్యార్థులు వల్లెవేస్తున్న ఆ మాటను ఆయన రెండో ఆపరేషన్‌కు సమర్థనగా వాడలేదు. కత్తి పట్టడానికి తొందరపడుతున్న తోటి వైద్యులను హెచ్చరిస్తూ, మొదటి కోత పెట్టేముందే దాని భారం ఎంత దూరం వెళుతుందో ఆలోచించమన్నాడు. పైగా దీనికి మినహాయింపులున్నాయని అదే ప్రసంగంలో ఒప్పుకుని, సిజేరియన్ తరువాత ముగ్గురు బిడ్డలను మామూలుగా కన్న తన రోగి ఒకామెను ఉదాహరించాడు. హెచ్చరికగా పుట్టిన మాట ఆజ్ఞగా మారిపోయింది, మినహాయింపు మాత్రం ఎవరికీ గుర్తులేదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి, క్రేగిన్ కాలం నాటి ఆపరేషన్ వేరు, నేటి ఆపరేషన్ వేరు. అప్పట్లో గర్భసంచి పై భాగంలో, అంటే నొప్పుల సమయంలో బలంగా ముడుచుకునే మందపాటి కండర భాగంలో, నిలువుగా కోసేవారు. దీన్ని క్లాసికల్ కోత అంటారు. నొప్పులు వచ్చిన ప్రతిసారీ లాగుడు పడేది సరిగ్గా ఆ చోటే కనుక అక్కడి కుట్లు తరువాతి కాన్పులో విడిపోయే ప్రమాదం నిజంగానే ఎక్కువ. పైగా ఆ రోజుల్లో ఆపరేషన్ చేయడానికి ప్రధాన కారణాల్లో ఒకటి రికెట్స్ జబ్బువల్ల కటి ఎముకలు వంకరపోవడం. ఆ ఎముకలు రెండో కాన్పు నాటికి చక్కబడవు. 1920ల్లో గ్లాస్గో వైద్యుడు మన్రో కెర్ గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. నెలలు నిండేకొద్దీ పలచబడి సాగే ఈ భాగం నొప్పులప్పుడు పెద్దగా ముడుచుకోదు, కోత చక్కగా మానుతుంది. నేడు తెలుగు నేల మీద జరిగే సిజేరియన్లలో దాదాపు అన్నీ ఈ రకానివే, డిశ్చార్జి కాగితంలో ఎల్ఎస్‌సీఎస్ అని రాసేది దీన్నే. క్లాసికల్ కోత కోసం పుట్టిన నియమాన్ని కెర్ కోతకు అంటగట్టడం శాస్త్రం కాదు, అలవాటు.

ఇక్కడ మామూలుగా వచ్చే అభ్యంతరం ఒక్క ముక్కలో ఉంటుంది: కుట్లు విడిపోతాయి. ఈ భయాన్ని కొట్టిపారేయడం తగదు. పాత కోత దగ్గర గోడ పూర్తి మందాన చిట్లితే కడుపులోపల రక్తస్రావమై, బిడ్డకు ప్రాణవాయువు అందకపోతే, నిమిషాల్లో ఆపరేషన్ చేసి బయటకు తీయవలసి వస్తుంది. ఒక్కోసారి గర్భసంచినే తీసేయవలసి వస్తుంది. సహజ కాన్పును ఆకాశానికెత్తే ప్రచారకులు కొందరు ఈ సంగతిని దాటవేయడం వల్లనే వారి మాటకు వైద్యుల్లో విలువ తగ్గింది. అయితే భయం ఎంత అన్నది అంకెల్లో చెప్పగలిగిన విషయం, చెప్పవలసిన విషయం. అమెరికాలోని 19 వైద్య కేంద్రాల్లో మార్క్ లాండన్ బృందం జరిపి 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనంలో, సిజేరియన్ తరువాత సహజ కాన్పుకు, అంటే వైద్యులు వీబ్యాక్ అనే పద్ధతికి, ప్రయత్నించిన 17,898 మందిలో 73.4 శాతం మంది యోనిమార్గం గుండానే కన్నారు. గర్భసంచి చిట్లినది 0.7 శాతం మందికి, అంటే వెయ్యిలో ఏడుగురికి. ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతిన్న బిడ్డలు ఈ వర్గంలో 12 మంది. నొప్పులు రాకముందే ఆపరేషన్ చేయించుకున్న 15,801 మంది వర్గంలో ఒక్కరూ లేరు. ఈ పన్నెండు మందిని లెక్కలోంచి తప్పించి వాదించడం నిజాయితీ కాదు. అలాగే, ప్రయత్నించి విఫలమై చివరకు ఆపరేషన్ బల్ల ఎక్కినవారికే ఎక్కువ చిక్కులు వచ్చాయన్న సంగతినీ దాచకూడదు. రక్తం ఎక్కించవలసి వచ్చినవారు మొత్తంమీద ప్రయత్నించిన వర్గంలో 1.7 శాతం, రెండో వర్గంలో 1.0 శాతం.

ఇవన్నీ చెప్పాక కూడా మిగిలేదేమిటి? బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2015 మార్గదర్శకాల్లో గర్భసంచి చిట్లే అవకాశాన్ని రెండు వందల్లో ఒకటిగా చెప్పి, ఇలాంటి కాన్పులో బిడ్డకుండే మరణ ముప్పు మొదటిసారి నొప్పులు పడే తల్లి బిడ్డకుండే ముప్పుతో పోల్చదగినదేనని స్పష్టం చేసింది. ఆపాటి ముప్పుకు భయపడి మొదటి చూలు ఆడవాళ్లందరికీ ఆపరేషన్ చేయమని ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు. (తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల లెక్క చూస్తే ఎవరో చెబుతూనే ఉన్నారేమోనన్న అనుమానం కలగడం వేరే సంగతి.) ఇక తల్లి మరణం విషయానికొస్తే, 2010లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పాటుచేసిన సదస్సు కోసం జరిగిన సమీక్షలో సహజ కాన్పుకు ప్రయత్నించినవారిలో లక్షకు నలుగురు, మళ్లీ ఆపరేషన్ చేయించుకున్నవారిలో లక్షకు 13 మంది చనిపోయినట్టు తేలింది. రెండూ చిన్న అంకెలే. కానీ ఒకటి పెద్ద భయంగా ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది, రెండోది ఎవరి నోటా రాదు.

కుట్ల భయానికి ఇటీవల ఒక యంత్ర సాక్ష్యం తోడైంది. ముప్పై ఆరో వారం స్కానింగ్‌లో పాత కోత దగ్గర గోడ మందాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, "కుట్లు పల్చబడ్డాయమ్మా, ఇక ఆగకూడదు" అని ఆ వారంలోనే ఆపరేషన్‌కు తేదీ ఇవ్వడం పట్టణాల నర్సింగ్‌హోముల్లో సర్వసాధారణం. ఆ రిపోర్టు చేత్తో పట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్న కుటుంబానికి అది ఉరుములా వినిపిస్తుంది, మారు మాట్లాడే ధైర్యం ఎవరికుంటుంది? అయితే ఈ కొలతకు మూలమైన పరిశోధన ఏమి చెప్పిందో చూడాలి. ఫ్రాన్స్‌లో రోజెన్‌బర్గ్ బృందం 642 మంది స్త్రీలను పరీక్షించి 1996లో లాన్సెట్‌లో ప్రకటించిన ఫలితం ప్రకారం, గోడ మందం మూడున్నర మిల్లీమీటర్లకు మించి ఉంటే మచ్చలో లోపం లేదని 99 శాతానికి పైగా నమ్మకంతో చెప్పవచ్చు. కానీ అంతకంటే పలచగా ఉన్నవారిలో నిజంగా లోపం కనిపించినది నూటికి పన్నెండు మందికి మాత్రమే, ఆ లోపాల్లోనూ గోడ పూర్తిగా చిట్లకుండా పైపొర నిలిచి ఉన్నవి కలిసే ఉన్నాయి. అంటే ఆ పరీక్ష ధైర్యం చెప్పడానికి పనికొచ్చినంతగా భయపెట్టడానికి పనికిరాదు. మన దగ్గర దాన్ని తలకిందులుగా వాడుతున్నారు. ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర గీత గీయాలన్న విషయంపై ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు, అందుకే ప్రధాన మార్గదర్శకాలేవీ ఈ కొలత ఒక్కదాన్నే ఆధారం చేసుకుని నిర్ణయించమనడం లేదు.

మరొక వాదన ఎముకల మీద ఆధారపడుతుంది: మొదటిసారి దారి చాలలేదు కనుక రెండోసారీ చాలదు. డిశ్చార్జి కాగితంలో సీపీడీ అని రాసి ఉంటే, అంటే బిడ్డ తలకూ తల్లి కటికీ కొలత కుదరలేదని ఉంటే, ఆ స్త్రీకి జీవితాంతం దారి మూసుకుపోయినట్టే భావిస్తారు. నిజానికి ఎన్నో సందర్భాల్లో ఆ మాటకు అసలు అర్థం నొప్పులు సాగలేదనీ, ఎదురుచూసే ఓపిక అయిపోయిందనీ మాత్రమే. బిడ్డ తల ఓరగా తిరిగి ఉండడం, నొప్పులు ముదరకముందే ఆసుపత్రిలో చేరడం, కదలనివ్వకుండా పడుకోబెట్టి ఉంచడం వంటివన్నీ ఆ ఒక్క మాటలో ఒదిగిపోతాయి. లాండన్ బృందమే మరుసటి ఏడాది ప్రచురించిన విశ్లేషణలో, మొదటిసారి కాన్పు సాగక ఆపరేషన్ అయినవారిలో కూడా రెండోసారి ప్రయత్నించినవారు నూటికి 63 మంది సహజంగా కన్నారు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని కోత పడినవారిలోనైతే దాదాపు 84 మంది. ఎదురుకాళ్ల బిడ్డ కోసం పడిన కోత, తల కిందికి తిరిగిన రెండో బిడ్డకు ఎలా అడ్డమవుతుందో ఇంతవరకూ ఎవరూ వివరించలేదు. ఇక అంతకు ముందు ఒక్కసారైనా మామూలు కాన్పు అయి ఉన్న స్త్రీకి విజయావకాశం 85 నుంచి 90 శాతం.

ఇప్పుడు తూకం రెండో పళ్లెం చూడాలి. మళ్లీ కోయడం సురక్షితమన్న మాటలో ఆ ఒక్క కాన్పు లెక్క మాత్రమే ఉంటుంది. ప్రతి కోతా గర్భసంచి గోడపై ఒక మచ్చను వదులుతుంది, తరువాతి గర్భంలో మాయ ఆ మచ్చ మీద కుదురుకుంటే గోడలోకి వేళ్లు దన్ని కాన్పు తరువాత ఊడిరాకుండా పోవచ్చు. అప్పుడు ఆగని రక్తస్రావాన్ని ఆపడానికి గర్భసంచినే తీసేయవలసి వస్తుంది. రాబర్ట్ సిల్వర్ బృందం 30,132 మంది స్త్రీలను పరిశీలించి 2006లో ప్రచురించిన అంకెల ప్రకారం ఇలా మాయ అతుక్కుపోవడం రెండో సిజేరియన్‌లో 0.31 శాతం, మూడోదానిలో 0.57, నాలుగోదానిలో 2.13 శాతం. మాయ గర్భసంచి ముఖద్వారాన్ని కమ్మి ఉన్నవారిని విడిగా లెక్కిస్తే అది రెండోదానిలో 11 శాతం, మూడోదానిలో 40 శాతం.

దీనికి తెలుగు వైద్యుల వద్ద సిద్ధంగా ఉన్న సమాధానం చాలా గట్టిది, దాన్ని గౌరవంగా ఎదుర్కోవాలి. మన కుటుంబాలు ఇద్దరితో ఆగిపోతున్నాయి కదా, మూడో గర్భమే లేనప్పుడు మాయ అతుక్కునే భయమెక్కడిది అన్నది ఆ సమాధానం. సంతాన రేటు రెండుకంటే కిందికి దిగిన రాష్ట్రాల్లో ఈ మాటకు బలం ఉంది. పాశ్చాత్య వీబ్యాక్ ప్రచారంలో ప్రధానాస్త్రమైన మాయ ముప్పు ఇక్కడ సగం మొండిదవుతుందని ఒప్పుకోవలసిందే. అయితే ఆగిపోవడమన్నది ముందే రాసిచ్చే హామీ కాదు: పసిబిడ్డను పోగొట్టుకున్నవారు, రెండో పెళ్లి చేసుకున్నవారు, మగబిడ్డ కోసం మళ్లీ గర్భం మోయవలసి వచ్చినవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పైగా ఆంధ్రప్రదేశ్‌లో గాలి ఎటు వీస్తోందో చూస్తే ఆ సమాధానం కాళ్ల కింద నేల కదులుతున్నట్టే ఉంది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తివేసింది, ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే బహిరంగంగా కోరుతున్నారు. ఒక చేత్తో మూడో బిడ్డను ఆహ్వానిస్తూ మరో చేత్తో రెండో కోతను తప్పనిసరి చేసే సమాజం ఆ స్త్రీకి ఏమి చెప్పదలచుకున్నట్టు?

పిల్లలు చాలనుకున్న తరువాత కూడా ఆ కడుపు మళ్లీ తెరవవలసి రాదన్న భరోసా ఈ ప్రాంతంలో తక్కువే. 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతం ఉంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 8 శాతం పైనే ఉన్నారని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆ ఆపరేషన్లలో అనవసరమైనవెన్ని అన్నది వేరే వ్యాసానికి సరిపడే విషయం. ఇక్కడ పనికివచ్చే సంగతి ఏమిటంటే, సిజేరియన్ అయిన ప్రతిసారీ మూత్రాశయం గర్భసంచి ముందు గోడకు మరికొంత అతుక్కునే అవకాశం ఉంది, తరువాత ఏ కారణంతో కడుపు కోసినా మొదట దెబ్బ తగిలే ప్రమాదం ఆ మూత్రాశయానికే.

ఆపరేషన్ ఎలాగూ చేస్తున్నాం, అందులోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అయిపోతుందన్న మాట మరీ ఇంటింటి మాట. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది, తెలంగాణలో 62 మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే కనుక ఈ మాటకు అంత ఆకర్షణ. కానీ మామూలు కాన్పు తరువాత ఏడు రోజుల్లోపు బొడ్డు దగ్గర చిన్న కోతతో అదే ఆపరేషన్ చేయవచ్చు, ప్రభుత్వ ఆసుపత్రులు దశాబ్దాలుగా చేస్తున్నాయి కూడా. చిన్న కోతతో అయ్యే పనిని సాకుగా చూపి పెద్దాపరేషన్ చేయడం వింత తర్కం. అసలు కోతే లేకుండా కొద్ది నిమిషాల్లో భర్తకు చేయగలిగిన వేసెక్టమీ సంగతి ఈ సంభాషణలో ఎక్కడా రాకపోవడం అంతకన్నా వింత.

తేదీ విషయంలో వైద్యులనే తప్పుపట్టడం న్యాయం కాదు, పంచాంగం పట్టుకుని వచ్చే కుటుంబాలకూ అందులో వాటా ఉంది. నక్షత్రం చూసి, వర్జ్యం తప్పించి, పెట్టిన ముహూర్తం 37వ వారంలో పడినా 38లో పడినా పుట్టేది నెలలు నిండిన బిడ్డేనని అందరూ అనుకుంటారు. అలాన్ టీటా బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ముందే తేదీ పెట్టుకుని చేసిన 13,258 రెండో, మూడో సిజేరియన్లను పరిశీలిస్తే, ఊపిరి ఆడకపోవడం, చక్కెర పడిపోవడం, ఇన్‌ఫెక్షన్ వంటి చిక్కుల్లో ఏదో ఒకటి వచ్చిన బిడ్డలు 39వ వారంలో 8 శాతం, 38లో 11, 37లో 15 శాతానికి పైగా ఉన్నారు. రెండో సిజేరియన్‌నే ఎంచుకున్నవారు కూడా 39 వారాలు నిండేదాకా ఆగాలన్నది ఈ అంకెలు చెప్పే పాఠం. మంచి ఘడియలో పుట్టి ఎన్ఐసీయూ గాజు పెట్టెలో ఊపిరి కోసం పెనుగులాడే బిడ్డకు ఆ ఘడియ ఏమి మేలు చేసిందో ముహూర్తం పెట్టినవారే చెప్పాలి.

ఇంతవరకూ వచ్చిన వాదనల్లో ఏదీ ఒక చిన్న పట్టణంలో ఒంటరిగా నర్సింగ్‌హోమ్ నడిపే వైద్యురాలి అసలు ఇబ్బందిని తాకదు. మత్తు డాక్టరును ఫోన్ చేసి పిలిపించాలి, ఆయన మరో ఊళ్లో ఉండవచ్చు. రక్తం జిల్లా కేంద్రం నుంచి రావాలి. రాత్రంతా బిడ్డ గుండె చప్పుడు చూస్తూ కూర్చోవడానికి శిక్షణ ఉన్న నర్సు లేదు. బిడ్డకు ఏమైనా అయితే అద్దాలు పగలగొట్టడానికి బంధువులు సిద్ధం, ఆ తరువాత వినియోగదారుల ఫోరం ఉండనే ఉంది. అలాంటి చోట వీబ్యాక్ ప్రయత్నించనని ఆమె అనడం తప్పు కాదు, బాధ్యత. తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, "మా దగ్గర కుదరదు" అనవలసిన చోట "నీ గర్భసంచికి కుదరదు" అన్నప్పుడు. మొదటి మాట విన్న స్త్రీ ఇరవై నాలుగు గంటలూ ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టరు, రక్తనిధి ఉన్న బోధనాసుపత్రికో పెద్ద ఆసుపత్రికో వెళ్లగలదు, రెండో మాట విన్న స్త్రీ ఎక్కడికీ వెళ్లదు.

ఆసుపత్రి ఇబ్బంది ఇలా గర్భసంచి లోపంగా మారిపోవడం మన దగ్గర మాత్రమే జరిగిన వింత కాదు. అమెరికాలో 1996లో పాత సిజేరియన్ ఉన్న స్త్రీలలో నూటికి 28 మంది సహజంగా కన్నారు. అత్యవసర ఆపరేషన్ చేయగల వైద్యులు తక్షణం అందుబాటులో ఉండాలని 1999లో అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం నిబంధన పెట్టాక, ఆ ఖర్చు భరించలేని చిన్న ఆసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి తలుపులు మూసుకున్నాయి, దావాల భయమూ తోడైంది, పదేళ్లు తిరగకుండానే ఆ అంకె పదికంటే కిందికి పడిపోయింది. పదేళ్లలో అమెరికా స్త్రీల గర్భసంచులు బలహీనపడలేదు. మారింది ఆసుపత్రుల లెక్క. 2010లో సదస్సు పెట్టి చర్చించాక ఆ సంఘమే నిబంధనను కొంత సడలించవలసి వచ్చింది.

నొప్పులు వాటంతట అవి వచ్చినప్పుడు ఉండే ముప్పు వేరు, మందుతో తెప్పించినప్పుడు ఉండే ముప్పు వేరు అన్న తేడాను గుర్తించకపోతే వీబ్యాక్‌కు మద్దతు కూడా ప్రమాదమే అవుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇరవై వేల మందికి పైగా స్త్రీలను పరిశీలించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భసంచి చిట్లడం నొప్పులే లేకుండా ఆపరేషన్ అయినవారిలో వెయ్యికి 1.6, నొప్పులు సహజంగా వచ్చినవారిలో 5.2, ప్రోస్టాగ్లాండిన్ జాతి మందులతో నొప్పులు తెప్పించినవారిలో 24.5 గా తేలింది. కోసినా కూడా ముప్పు సున్నా కాదన్నది ఇందులో మొదటి అంకె చెప్పే సంగతి. చౌకగా దొరికే మిసోప్రోస్టాల్ మాత్రను పాత సిజేరియన్ ఉన్న స్త్రీకి నెలలు నిండాక నొప్పుల కోసం ఇవ్వరాదన్నది చివరి అంకె చెప్పే సంగతి. అలాగే క్లాసికల్ కోత పడినవారు, ఇంతకు ముందు ఒకసారి చిట్లినవారు, మాయ ముఖద్వారాన్ని కమ్మినవారు, బిడ్డ అడ్డం తిరిగినవారు సహజ కాన్పుకు ప్రయత్నించకూడదు. రెండు కాన్పుల నడుమ ఏడాదిన్నర కూడా గడవనివారు మరింత ఆలోచించుకోవాలి. ఈ జాబితా చదివితే నిర్ణయానికి కావలసినవన్నీ తెలుసుకోదగిన సంగతులేనన్నది స్పష్టమవుతుంది.

సిజేరియన్ల శాతాన్ని తగ్గించాలని ప్రభుత్వాలు లక్ష్యాలు పెట్టి, సహజ కాన్పులకు సిబ్బందికి ప్రోత్సాహకాలిచ్చే ఉత్సాహంలోనూ, ఎదుటి స్త్రీని చూడకుండా తీర్పు చెప్పే ఇదే జబ్బు వేరే రూపంలో ఉంది. ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీ ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి జరిగిన నష్టాలపై 2022లో వెలువడిన ఓకెండెన్ నివేదిక, సిజేరియన్లు తక్కువ చేశామన్న గొప్ప కోసం తల్లీబిడ్డలను బలిపెట్టిన తీరును బయటపెట్టింది; సిజేరియన్ శాతాలను లక్ష్యంగా పెట్టుకోవడం మానమని అదే ఏడాది అక్కడి ఆసుపత్రులకు ఆదేశాలు వెళ్లాయి. అంకె కోసం కోయడమూ, అంకె కోసం కోయకపోవడమూ ఒకే తప్పు. దానికి బదులు తెలంగాణ 2017 నుంచి నర్సులకు మిడ్‌వైఫరీలో ఏడాదిన్నర శిక్షణ ఇప్పించే పని మొదలుపెట్టింది, నొప్పుల్లో ఉన్న స్త్రీ పక్కన కూర్చునే మనిషిని తయారుచేయడమే వీబ్యాక్‌కు అన్నిటికంటే పెద్ద సాయం.

చివరకు ఇది అంగీకారానికి సంబంధించిన ప్రశ్న. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో, చికిత్స ఏమిటి, దాని బదులు ఏమున్నాయి, వేటి ముప్పులు ఎంత అన్నది రోగికి చెప్పి తీసుకున్నదే సరైన అంగీకారమని తేల్చిచెప్పింది. ఆపరేషన్‌కు ముందు రాత్రి నర్సు తెచ్చిన అచ్చు కాగితంలో భర్తో తండ్రో సంతకం పెట్టి, కనబోయే మనిషి చేత చివర్లో ఒక గీత గీయించడం ఆ తీర్పు కోరిన అంగీకారం కాదు. ఏడో నెలలోనే కూర్చోబెట్టి రెండు దారులూ, రెండిటి అంకెలూ, ఈ ఆసుపత్రిలో ఏది సాధ్యమో చెప్పి, ఆమె ఆలోచించుకుని వచ్చేదాకా ఆగడమే అంగీకారం. అందుకు మొదట కావలసింది పాత ఆపరేషన్ వివరాలు, ఎందుకంటే పొట్ట మీద బికినీ గీతలా కనిపించే అడ్డ మచ్చ లోపల గర్భసంచిపై కోత ఎటు పడిందో చెప్పదు. ఆ సంగతి ఆపరేషన్ నోట్స్‌లోనే ఉంటుంది, తల్లి చేతికి వచ్చే డిశ్చార్జి కాగితంలో చాలాసార్లు ఉండదు. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను వైద్యులు మూడేళ్లపాటు మాత్రమే భద్రపరచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మొదటి బిడ్డకూ రెండో బిడ్డకూ మధ్య మూడేళ్లు సులువుగా గడిచిపోతాయి కనుక, మొదటి సిజేరియన్ అయిన ప్రతి తల్లీ ఇంటికి వెళ్లేముందే ఆ ఆపరేషన్ నోట్స్ నకలు అడిగి తీసుకోవాలి.